ఎవరి నేల మీద ఎవరి రహదారి?

రహదారుల గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు ప్రధానంగా మూడు రకాలు. ఎన్ని కిలోమీటర్లు వేశారు, ఎన్ని కోట్లు ఖర్చయ్యాయి, ప్రమాదంలో ఎంతమంది మరణించారు. ఆ కిలోమీటర్ల కింద పోయిన నేల ఎవరిది, ఆ కోట్ల వల్ల దారి పక్కన పుట్టిన సంపద ఎవరి చేతికి వెళ్లింది, మరణించినవారు ఏ వాడ నుంచి, ఏ తండా నుంచి కూలికి బయలుదేరారు అన్న ప్రశ్నలు మాత్రం వార్తల్లోనూ, ప్రభుత్వ నివేదికల్లోనూ అరుదుగా కనిపిస్తాయి. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారిని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నలను చర్చకు పెట్టదలిచాను. రెండు తెలుగు రాష్ట్రాలూ కొత్త వలయ రహదారుల కోసం వేల ఎకరాలు సేకరించడానికి సిద్ధమవుతున్న ఈ సమయంలో ఇది పాత రోడ్డు ముచ్చటగా మిగిలిపోదు.

ఈ దారి హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి వద్ద మొదలవుతుంది. నల్లగొండ, తిప్పర్తి, మాడ్గులపల్లి, వేములపల్లి, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా వాడపల్లి చేరుతుంది. మూసీ నది కృష్ణలో కలిసేది అక్కడే. వంతెన దాటితే పల్నాడు. పొందుగల, దాచేపల్లి, పిడుగురాళ్ల, కొండమోడు, నకరికల్లు, నరసరావుపేట పొలిమేర, సంతమాగులూరు, అద్దంకి దాటి మేదరమెట్ల వద్ద చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని కలుస్తుంది. మొత్తం సుమారు 212 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, చెన్నై వైపు వెళ్లే వాహనాలకు విజయవాడ చుట్టు తప్పించేది ఈ దారే. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010లో దీన్ని నాలుగు వరుసలకు విస్తరించే పనిని ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించింది. నిర్మించినవారే టోలు వసూలు చేసుకొని, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగించే పద్ధతి అది. 2014లో రాష్ట్రం రెండైంది. ఒక్క రోడ్డు ఇద్దరు యజమానుల కిందికి వచ్చింది.

నిజానికి ఈ దారి అంతకు ముందూ రెండు రాజ్యాలదే. కృష్ణకు ఉత్తరాన నైజాం రాజ్యం, దక్షిణాన మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లా. ఉత్తర గట్టున రోడ్డుకూ దళితుడికీ ఉన్న సంబంధం వెట్టి సంబంధం. అధికారి వస్తే సామాను మోయాలి, బండి ముందు పరుగెత్తాలి, ఊరి నుంచి ఊరికి కబురు చేరవేయాలి. మాల మాదిగ కుటుంబాలు మనిషిని వంతుల వారీగా ఈ పనికి పంపవలసిందే. దారి మీద దొర ప్రయాణికుడు, దళితుడు మోత మనిషి. 1946–51 మధ్య నల్లగొండ కేంద్రంగా సాగిన సాయుధ రైతాంగ పోరాటం తొలి డిమాండ్లలో వెట్టి రద్దు ఒకటి కావడానికి కారణం ఇదే.

దక్షిణ గట్టు చరిత్ర మరో విధమైనది. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించి అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసుకు సైన్యంలో పెద్ద స్థానం ఇచ్చాడని జనం నేటికీ చెప్పుకుంటారు. ఆ గాథ పుట్టిన గడ్డ మీద కూడా ఊరూ వాడా వేరుగానే నిలిచాయి. 1924లో మద్రాసు శాసన మండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం తెచ్చారు. ప్రజా రహదారులు, వీధులు, బావులు, చెరువులు అణగారిన వర్గాలవారికీ అందుబాటులో ఉండాలన్నది దాని సారం. ప్రభుత్వం దాన్ని ఆమోదించి ఉత్తర్వు కూడా ఇచ్చింది. అంటే ఆ నాటికి ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డు మీద నడవడానికి కొందరు మనుషులకు ప్రభుత్వ ఉత్తర్వు అవసరమైంది. అదే సంవత్సరం తిరువాంకూరులోని వైకోంలో ఆలయం చుట్టూ ఉన్న దారుల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం మొదలైంది. దానికి మూడు దశాబ్దాల ముందే, 1893లో, అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి నిషిద్ధ మార్గాల్లో ప్రయాణించి దెబ్బకు దెబ్బ తీశాడు. మహారాష్ట్రలోని చాలీస్‌గావ్‌లో 1929లో టాంగావాలాలు అంబేద్కర్‌ను ఎక్కించుకోవడానికి ఒప్పుకోకపోతే, బండి తోలడం రాని మనిషి పగ్గాలు పట్టాడు. బండి బోల్తాపడి అంబేద్కర్ గాయపడ్డాడు. అప్పటికే ఆయన విదేశాల్లో డాక్టరేట్లు పొందిన న్యాయవాది.

ఈ చరిత్ర తెలిసినవారే రాజ్యాంగం రాశారు గనుక అందులో రోడ్డు అన్న మాట ప్రత్యేకంగా చేరింది. పదిహేనవ అధికరణం రెండవ క్లాజు బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లను కూడా పేర్కొని, ప్రభుత్వ నిధులతో నడిచే ఏ రోడ్డు మీదనైనా కులం పేరిట ఆంక్ష పెట్టరాదని చెబుతుంది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం రోడ్డు మీద నడవనివ్వకపోవడాన్ని నేరంగా పరిగణించింది. పల్నాటి గడ్డకు చెందిన వినుకొండ కవి గుర్రం జాషువా 1941లో తన దళిత కథానాయకుడి మొరను కాశీ విశ్వనాథుడికి చేరవేయడానికి గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. నేల మీద గుడి దాకా దారి లేనివాడికి ఆకాశమే దిక్కయింది. ఆ దుస్థితి నుంచి, చట్టం ముందు ప్రతి రోడ్డూ అందరిదీ అయ్యే దాకా మనం వచ్చాం. ఈ ప్రయాణం చిన్నది కాదు.

అయితే రోడ్డు మీద నడిచే హక్కు దక్కిన తరువాత వివక్ష రోడ్డు కిందికి చేరింది. దీన్ని అర్థం చేసుకోవాలంటే రహదారి గీత ఎక్కడ గీస్తారో గమనించాలి. నాలుగు వరుసల దారి ఊరి నడివీధి గుండా పోదు. ఇళ్లు, దుకాణాలు కూల్చవలసి వస్తుంది, పరిహారం పెరుగుతుంది, పలుకుబడి ఉన్నవారు అడ్డుపడతారు. అందుకని ఇంజనీరు ఊరిని తప్పించి అంచు వెంట బైపాస్ గీస్తాడు. కాగితం మీద అది అతి తక్కువ నష్టం కలిగించే గీత. కానీ మన గ్రామాల్లో అంచున ఉండేది ఎవరు? వాడ ఊరికి దూరంగా ఉండాలన్న నియమం కులం పెట్టింది. పోరంబోకు, బంజరు, పేదలకు పంచిన భూములు, దళితుల శ్మశానాలు కూడా అదే అంచున ఉంటాయి. ఇంజనీరుకు కుల ద్వేషం ఉండనక్కరలేదు. చవకైన నేలను వెతికితే చాలు, కులం ముందే గీసిపెట్టిన గీత మీదికి అతని గీత వచ్చి చేరుతుంది. ఈ దారిలోనే కాదు, రెండు రాష్ట్రాల్లో అనేక రహదారుల మీద బస్సులో వెళుతూ నేను చూసిన దృశ్యం ఒకటే. ఎత్తైన కట్ట మీద రోడ్డు, దానికి ఒక పక్క ఊరు, మరో పక్క వాడ. మధ్య దాటడానికి ఎక్కడో ఒక ఇరుకు సొరంగ మార్గం.

రెండవ అంచె భూమి పత్రంలో ఉంది. తెలంగాణలో లావణి పట్టా అన్నా, ఆంధ్రలో డీకేటీ పట్టా అన్నా అసైన్డ్ భూమే. ప్రభుత్వ అసైన్‌మెంట్ విధానం ప్రకారం భూమిలేని పేదలకు ఇచ్చిన ఈ భూమిని అనుభవించవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, అమ్మరాదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఆ షరతుకు చట్టబద్ధత కల్పించింది. బలవంతుల చేతికి పోకుండా పేదవాడి భూమిని కాపాడడం దాని ఉద్దేశం. కానీ ప్రభుత్వమే ఆ భూమిని వెనక్కు తీసుకోవలసి వచ్చినపుడు అదే షరతు పేదవాడికి ఎదురు తిరిగింది. పక్క పట్టాదారుకు చట్టప్రకారం పరిహారం, సొలేషియం దక్కాయి. అసైన్డ్ రైతుకు మాత్రం, భూమి నీది కాదు, దయతో ఇచ్చేది పుచ్చుకో అన్న ధోరణి ఎదురైంది. ప్రభుత్వ పరిభాషలో దాని పేరే ఎక్స్‌గ్రేషియా. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చెక్కల్లో ఒకదాని పోక నష్టం, మరొకదాని పోక దానం.

ఈ అన్యాయాన్ని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తప్పుపట్టింది. ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని వెనక్కు తీసుకుంటే పూర్తి యజమానికి ఇచ్చే స్థాయిలోనే పరిహారం ఇవ్వాలని, పరిహారం అడగరాదన్న షరతు రాజ్యాంగం ముందు నిలవదని స్పష్టం చేసింది. దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పేదల భూమి హక్కుల చరిత్రలో ఇది గొప్ప తీర్పు. ఈ రహదారి విస్తరణకు ఒప్పందం కుదిరే నాటికి ఆ తీర్పు వెలువడి ఆరేళ్లయింది. అయినా తీర్పు ఉన్నంత మాత్రాన అసైన్డ్ భూమికి సమాన విలువ దక్కుతుందని నమ్మలేమని తరువాతి అనుభవం నిరూపించింది. ఈ రోడ్డుకు ఎంతో దూరంలో లేని అమరావతిలో 2015 నాటి భూసమీకరణలో పట్టా భూమి ఇచ్చినవారికీ, అసైన్డ్ భూమి ఇచ్చినవారికీ తిరిగి ఇచ్చే ప్లాట్ల విస్తీర్ణంలో తేడా పెట్టారు. కోర్టు సమానమన్న భూమిని పాలన మళ్లీ అసమానం చేసింది.

మూడవ అంచె దారి పక్కన పుట్టే సంపదది. ఈ రహదారి వెళ్లేది బీద ప్రాంతాల గుండా కాదు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాది పడి, 1967లో కాలువలకు నీరు వదిలాక ఎడమ కాలువ మిర్యాలగూడను, కుడి కాలువ పల్నాడును మార్చివేశాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైంది. వాడపల్లి నుంచి పిడుగురాళ్ల దాకా నేల కింద సున్నపురాయి ఉంది గనుక సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపు బట్టీలు వెలిశాయి. దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. నీరు, రాయి, విద్యుత్తు అన్నిటినీ మార్కెట్టుకు కలిపేది ఈ రోడ్డే. దాని పక్కన పెట్రోలు బంకు, దాబా, గోదాము, కల్యాణ మండపం, వెంచరు పెట్టాలంటే మూడు కావాలి. అమ్మకానికి, తాకట్టుకు పనికివచ్చే పట్టా, బ్యాంకులో పరపతి, రాజకీయ పరిచయం. ఈ మూడూ ఒకే చోట చేరేది ప్రధానంగా ఆధిపత్య కులాల ఇళ్లలోనే. అసైన్డ్ రైతు దగ్గర ఉన్న కాగితానికి బ్యాంకులో విలువ లేదు. కాబట్టి రోడ్డు వచ్చినపుడు భూమి ధర పెరగడం అతనికి సంతోషం కాదు, భయం. ధర పెరిగిన భూమి చుట్టూ తెల్లకాగితం మీద కొనే దళారులు చేరతారు.

ఆంధ్రప్రదేశ్ 2023లో చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు పూర్తి యాజమాన్య హక్కు ఇచ్చింది. సూత్రరీత్యా అది న్యాయమే. దళితుడికి మాత్రమే అమ్ముకునే హక్కు లేకపోవడం ఎందుకన్న ప్రశ్న సబబైనదే. కానీ రహదారి పక్క భూముల్లో అప్పటికే చేతులు మారినవెన్ని, ఎవరి పేరు మీద హక్కు వచ్చి ఎవరి చేతికి భూమి పోయిందన్న అనుమానాలు లేచాయి. 2024లో ప్రభుత్వం మారాక ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు ఆదేశించారు. హక్కు ఇచ్చిన ప్రభుత్వమూ, ఆపిన ప్రభుత్వమూ కులాల వారీ లెక్కను ప్రజల ముందు పెట్టి ఆ పని చేయలేదు.

నాల్గవ అంచె కూలిది. ఈ దారిలో కార్లు, లారీలతో పాటు కూలీలను కుక్కిన ఆటోలు, ట్రాలీలు కూడా నడుస్తాయి. నల్లగొండ తండాల నుంచి లంబాడా స్త్రీలు కృష్ణ దాటి పల్నాడు మిరప తోటల్లో కాయ కోతకు వెళతారు. 2023 మే నెలలో దామరచర్ల మండలం నుంచి అలా బయలుదేరిన ఆటోను పొందుగల వద్ద లారీ ఢీకొంది. కూలీ స్త్రీలు మరణించారు. వార్తల్లో అది అతివేగం, పరిమితికి మించిన ప్రయాణికుల కథ అయింది. ఆటోలో అంతమంది ఎందుకు ఎక్కారు? కూలి రోజు మొదలయ్యే వేళకు ఆ తండాకు బస్సు లేదు, కూలి డబ్బులో ప్రయాణ ఖర్చుకు చోటు లేదు. హైదరాబాద్–చెన్నై ప్రయాణాన్ని గంటల లెక్కన తగ్గించడానికి రోడ్డును విస్తరించిన రాజ్యానికి తండా నుంచి తోటకు ఒక బస్సు వేయాలన్న ఆలోచన రాలేదు. వేగం ఒక వర్గానికి, ప్రమాదం మరో వర్గానికి పంచబడింది.

రోడ్డుకు కులమేమిటి, అది అందరికీ ఉపయోగపడుతుంది కదా అని మిత్రులు అడుగుతారు. ఆ వాదనలో నిజముంది. బస్సు ఎక్కి నల్లగొండకో నరసరావుపేటకో చదువుకు వెళ్లిన దళిత విద్యార్థికి ఈ దారి ఊరి పెత్తనం నుంచి బయటపడే తలుపు. పల్లెను వదలమన్న అంబేద్కర్ సూచనలో దారి ఒక విముక్తి సాధనమే. నేను రోడ్డుకు వ్యతిరేకిని కాను. కానీ రోడ్డు వచ్చినంత మాత్రాన కులం కరిగిపోదని ఈ దారి రెండు కొసలూ చెబుతాయి. వ్యాపారంతో, రాకపోకలతో ఎదిగిన మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. దక్షిణపు కొసకు దగ్గరలో ఉన్న కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపితే బతికినవారు చీరాలకు పారిపోయారు. దళిత మహాసభ ఆ నేల నుంచే పుట్టింది. కాలువ నీటితో, వాణిజ్య పంటలతో, మంచి రోడ్లతో సంపన్నమైన ప్రాంతాలే ఇవి. సంపద పెరిగిన చోట దళితుడు తలెత్తితే పెత్తనం మరింత క్రూరమైంది. అభివృద్ధి దానంతట అదే సమానత్వం తెస్తుందన్న నమ్మకాన్ని ఈ ప్రాంత చరిత్ర నిలబడనివ్వదు.

ఇపుడు చేయవలసిందేమిటి? కొత్త చట్టాలు అడగనక్కరలేదు. 2013 భూసేకరణ చట్టం భూ యజమాని నిర్వచనంలో అసైన్డ్ భూముల హక్కుదారులను చేర్చింది. బాధిత కుటుంబాల్లో భూమి లేని కూలీలను, కౌలుదారులను కూడా లెక్కించింది. సెక్షన్ 41లో ఎస్సీ, ఎస్టీల భూములకు ప్రత్యేక రక్షణలు పెట్టింది. అన్నిటికీ మించి సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. ఏ కులం వారి ఎంత భూమి పోతోంది, శ్మశానం పోతోందా, వాడకు దారి మూసుకుపోతోందా అన్నవి నమోదు కావలసిన చోటు అదే. కానీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తమ సవరణల ద్వారా మౌలిక వసతుల ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి మినహాయించే అధికారాన్ని తమ చేతిలో పెట్టుకున్నాయి. పార్టీలు వేరైనా ఈ విషయంలో రెండు ప్రభుత్వాలదీ ఒకే దారి. లెక్క రాయవలసిన పుస్తకాన్నే పక్కన పెట్టిన తరువాత అన్యాయానికి రుజువేదని అడగడం సులభం.

తెలంగాణలో ప్రాంతీయ వలయ రహదారి, ఆంధ్రలో అమరావతి బాహ్య వలయ రహదారి భూసేకరణ దశల్లో ఉన్నాయి. తెలంగాణ ఇటీవలే కులగణన పూర్తి చేసింది. దేశ జనగణనలో కూడా కులాన్ని లెక్కించాలని కేంద్రం నిర్ణయించింది. మనుషుల కులం లెక్కించే రాజ్యం తాను తీసుకునే భూమి విషయంలో కులాన్ని ఎందుకు లెక్కించదు? విద్యార్థి సంఘాలు, దళిత బహుజన పార్టీలు నాలుగు డిమాండ్లు ముందుకు తేవాలని నా ప్రతిపాదన. మొదటిది, ప్రతి రహదారికీ సేకరించే ప్రతి ఎకరా పట్టానా అసైన్డా, యజమాని ఏ సామాజిక వర్గం, ఎంత పరిహారం దక్కిందన్న వివరం గ్రామసభలో చదివి వినిపించాలి. రెండవది, మేకల పాండు తీర్పును ఎక్స్‌గ్రేషియా అన్న మాటే వినిపించకుండా అమలు చేయాలి. మూడవది, రోడ్డు గీత ఖరారు చేయకముందే వాడ, తండా, శ్మశానం, బడి ఎక్కడున్నాయో గుర్తించి, దాటే మార్గాలు, బస్సు ఆగే చోట్లు అక్కడి ప్రజల సమ్మతితో నిర్ణయించాలి. నాల్గవది, దారి పక్క ప్రభుత్వ స్థలాల్లో వచ్చే దుకాణాలు, వసతుల కేటాయింపులో భూమి కోల్పోయిన దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల కుటుంబాలకు మొదటి హక్కు ఉండాలి.

పాత రహదారుల లెక్క కూడా తీయవచ్చు. నార్కట్‌పల్లి నుంచి మేదరమెట్ల దాకా ఏ సర్వే నంబరులో ఎవరి భూమి తీసుకున్నారో, ఎంత చెల్లించారో రెవెన్యూ దస్త్రాల్లో ఉంది. సమాచార హక్కు దరఖాస్తుతో ఏ కళాశాల విద్యార్థి అయినా తన మండలం వివరాలు అడగవచ్చు. ఒక్కొక్క మండలం లెక్క బయటికి వస్తే, రోడ్డు అందరిదీ అన్న మాటకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారో మొదటిసారి అంకెల్లో చూడగలుగుతాం. వలయ రహదారుల భూసేకరణ ముగిసేలోగా ఆ అంకెలు మన చేతిలో ఉండాలి.